మూడు చెట్ల నేల

ఆవిడకు వీధి పెట్టిన పేరు రేడియో. పొద్దున పొయ్యి వెలిగించకముందు మొదలైన ప్రసారం రాత్రి దీపాలు ఆర్పేదాకా ఆగదు. కొందరికి నోట్లో నువ్వు గింజ నానదంటారు. ఈవిడ నోట్లోకి నువ్వు గింజ వెళ్ళడానికి అసలు సందే దొరకదు. అలాంటావిడ ఒక్కగానొక్క కొడుకు, పుట్టుకతోనే వినికిడి లేని అమ్మాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నప్పుడు వీధంతా ముసిముసిగా నవ్వుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదిన సామెతను తలా ఒకసారి వాడేసుకుని తృప్తిపడ్డారు.

నవ్విన నాపచేనే పండింది. కోడలు పెదవులు చూసి మాట పట్టేస్తుంది. పైగా మాట్లాడేవాళ్ళ ముఖం మీంచి చూపు తిప్పదు. రేడియో మాట మొదలుపెట్టగానే చెవులున్న వీధిలో ఒకరికి పాలు పొంగుతున్నట్టు గుర్తొస్తుంది, ఇంకొకరికి ఎక్కడో పనుంటుంది. ఈ అమ్మాయి ఒక్కతే చివరిదాకా కూర్చుని చూస్తుంది. "నా జన్మకి నా మాట పూర్తిగా విన్నది ఇదొక్కతే" అని రేడియో అందరితో చెప్పుకునేది. ఆవిడ కూడా కోడలి చేతి భాష నేర్చుకుంది. నేర్చుకున్నాక చేతులు కూడా ఊరుకోవడం మానేశాయి.

కోడలు కట్టుడు పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే ఇంట్లోనే ఒక బల్ల ముందు కూర్చుని పళ్ళ వరసలు తయారుచేసి తిరిగి పంపుతుంది. బల్లమీద సన్నగా తిరిగే మోటారు, అరగదీసే రాళ్ళు, మైనం ముద్దలు, చిగుళ్ళ రంగు పొడి. రేడియో పై వరసా కింద వరసా ఆ బల్లమీద పుట్టినవే. అంతకుముందు ఎవరో చేసిన పళ్ళతో ఆవిడ 'స' అన్నప్పుడల్లా ఈల వచ్చేది. ఆ ఈల విన్నవాళ్ళు నవ్వారే తప్ప ఎందుకొస్తోందో చెప్పలేకపోయారు. కోడలు అత్త పెదవులను కాసేపు చూసి, ఏ పన్ను ఎక్కడ అడ్డొస్తోందో కనిపెట్టి, ఒక్క పూటలో సరిచేసి ఇచ్చింది. ఆ రోజు నుంచి రేడియో దృష్టిలో కోడలిని మించిన పనిమంతురాలు భూమ్మీద లేదు.

కొడుకూ కోడలూ అద్దెకున్నది పాతకాలపు మేడలో పై అంతస్తు. రేడియో తన ఇంట్లో ఒక్కతే ఉంటూ రోజూ కాసేపు అక్కడికి వచ్చిపోయేది. నేల మొత్తం చెక్క. ఆ ఇంట్లో కోడలిని పిలవాలంటే కాలితో నేలమీద ఒక్కటి తడితే చాలు, ఏ గదిలో ఉన్నా తలెత్తేది. ఎవరైనా మెట్లెక్కి వస్తే తలుపు తీయకముందే వాళ్ళెవరో చెప్పేది. చంటిపిల్ల ఉయ్యాల్లో కాళ్ళు తన్నుకున్నా పక్కగదిలోంచి లేచి వచ్చేది. ఇదంతా ఇంట్లోవాళ్ళకు ఎంత అలవాటైపోయిందంటే, అందులో నేల చేసే పని కూడా ఉందని ఎవరికీ తోచలేదు. కోడలికి వీపున కళ్ళున్నాయనుకున్నారు.

ఆ తర్వాత సొంత ఇల్లు కొన్నారు. కొత్త కట్టడం, కింద అంతస్తు, వరసగా గదులు. నేల పని కొనుక్కున్నవాళ్ళే చేయించుకోవాలి కాబట్టి ఇంకా ఉత్త సిమెంటే. తాళాలు చేతికొచ్చిన రోజు ముగ్గురూ పిల్లని ఎత్తుకుని చూడటానికి వెళ్ళారు. కోడలు కిటికీ దగ్గర నిలబడి బల్ల ఎక్కడ వేసుకోవాలా అని చూసుకుంటోంది. రేడియోకి వంటగదిలో ఏదో నచ్చి, చూపిద్దామని అలవాటుగా నేలమీద కాలితో తట్టింది. కోడలు తిరగలేదు. ఇంకాస్త గట్టిగా తట్టింది. తిరగలేదు. మూడోసారి తన్నేసరికి మడమ జివ్వుమంది గానీ కోడలు మాత్రం కిటికీలోంచి చూపు మరల్చలేదు.

కొడుకు నవ్వబోయి ఆగిపోయాడు. కోడలు తనంతట తాను ఇటు తిరిగి ఇద్దరి ముఖాలూ చూసింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వంగి అరచెయ్యి సిమెంటుకు ఆనించి, మొగుణ్ణి గెంతమంది. అతను గెంతాడు. తల అడ్డంగా ఊపి చేతులతో చెప్పింది.

"ఇది నేల కాదు. పడుకోబెట్టిన గోడ."

కొడుకు బస్సు డ్రైవరు. రోజంతా అద్దాల్లో వెనక చూసుకుంటూ బండి నడిపేవాడికి వెనక ఏం జరుగుతోందో తెలియకపోవడమంత భయం ఇంకోటి ఉండదు. చప్పుడైతే వెలిగే దీపం ఒకటి కొనుక్కొచ్చి అద్దె ఇంట్లోనే పాప పడుకునే గదిలో పెట్టి చూశాడు. అది వీధిలో కుక్క అరిచినా వెలిగింది, రేడియో మాట్లాడినంతసేపూ ఆరకుండా వెలిగింది, పాప మాత్రం దాని ముందునుంచే కిక్కురుమనకుండా నడిచిపోతే మూగగా ఊరుకుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర అతను అసలు మాట అనేశాడు.

"ఆ కొత్తింట్లో నువ్వు బల్ల దగ్గర తల వంచుకుని కూర్చుంటే పాప ఎక్కడుందో నీకెలా తెలుస్తుంది? అది ఇప్పుడు పరుగులు పెడుతోంది. బడికెళ్ళేదాకా బల్ల కట్టిపెట్టు. లేదంటే అమ్మ రోజూ వచ్చి కాపలా కూర్చుంటుంది."

"నాకేం, పొద్దున్నే వచ్చేస్తా" అంది రేడియో. ఆవిడకు లోపల సంబరంగా కూడా ఉంది. ఇంటి దగ్గర ఒక్కతే గోడలతో మాట్లాడుకోవడం కంటే అదే నయం.

కోడలు అన్నం పక్కకు జరిపింది. ఆ పిల్లకు కోపమొస్తే చేతులు నెమ్మదిస్తాయి, ఒక్కో మాటా విడివిడిగా వస్తుంది.

"బల్ల మానను. అత్తయ్య వస్తే సంతోషం. కానీ నా ఇంట్లో ఏం జరుగుతోందో నేను ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలా? నేల ఎలాగూ వేయించాలి. నాకు కావలసిన నేల నేను వేయించుకుంటాను. అప్పటికీ బల్ల దగ్గర కూర్చుని పాప ఎక్కడుందో చెప్పలేకపోతే, నువ్వు చెప్పినట్టే వింటాను."

"సరే" అన్నాడు కొడుకు. అతను మొండివాడు కాడు, భయస్తుడు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ముగ్గురూ కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగారు. చివరికి ఒక పెద్ద దుకాణంలో తేలారు. లోపలికి వెళితే కొత్తగా చిత్రిక పట్టిన చెక్క వాసన. గోడల నిండా పలకలు నిలబెట్టి ఉన్నాయి. ముదురు చాక్లెట్టు రంగులో వాల్‌నట్, తేనె రంగు టేకు, చారలు చారలుగా ఓక్, పాలమీగడలా తెల్లటి మేపుల్, గొడ్డలి పిడులకు వాడే యాష్. రేడియో ఒక్కో పలకా నిమురుతూ, "ఎంత అందంగా ఉన్నాయర్రా, ఇన్నాళ్ళూ చెట్టు లోపల దాచుకుందా ఇదంతా" అంది. ఆవిడ టేకు దగ్గర ఆగిపోయింది. "టేకంటే టేకే. ఇక వేరే చూడక్కర్లేదు."

దుకాణమతను నాలుకకు తేనె రాసుకుని పుట్టినవాడు. నేలమీద అతికించి ఉన్న మాదిరి ముక్కల మీద వాళ్ళను నడిపిస్తూ, "దీనికింద మెత్తటి ఫోమ్ వేస్తాం మేడమ్, పైన జిగురు, ఆపైన ఓక్. ఏనుగు నడిచినా పిల్లి నడిచినట్టే ఉంటుంది" అన్నాడు.

కోడలు అతని పెదవులు చూసి, మొగుడివైపు తిరిగి చేతులాడించింది. కొడుకు ఇబ్బందిగా నవ్వాడు.

"ఏమంటున్నారు?" అన్నాడు దుకాణమతను.

"పిల్లి నడిచినా ఏనుగు నడిచినట్టుండే నేల కావాలంటోంది" అన్నాడు కొడుకు.

దుకాణమతను ముఖం చూడాల్సిందే. అతని జీవితమంతా చప్పుడు లేని నేలలు అమ్మడంలోనే గడిచింది. చప్పుడు కావాలని వచ్చినవాళ్ళు అతనికి ఇంతవరకూ తగల్లేదు. ఈలోగా కోడలు చెప్పులు విప్పి ఒక్కో మాదిరి మీదా నిలబడుతోంది. రేడియోని పక్కన నడవమంటోంది, తల అడ్డంగా ఊపుతోంది. అన్నీ సిమెంటుకు అతికించినవే. ఏ చెట్టయితేనేం, గోడకు అతికిస్తే అదీ గోడే.

రేడియోకి మొదట సిగ్గేసింది. నలుగురూ చూస్తున్నారు. కానీ కోడలు నలుగురినీ చూడటం లేదు. ఆ పిల్ల పని చేసేటప్పుడు ఎలా ఉంటుందో రేడియోకి తెలుసు. పళ్ళ వరసను దీపం వెలుగులో తిప్పితిప్పి చూసేటప్పుడు కూడా ఇదే ముఖం. ఆ ముఖం చూశాక ఆవిడ సిగ్గు మర్చిపోయి దుకాణమతని మీదకు తిరిగింది.

"అబ్బాయ్, అతికించని పలకలు లేవా నీ దగ్గర?"

వెనక గోదాములో ఉన్నాయి. కోడలు అక్కడికెళ్ళి చేసిన పని చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. రెండు పొడవాటి బద్దలు ఎడంగా వేయించి, వాటిమీద అడ్డంగా పలకలు పేర్పించింది. ఒక వరస యాష్, ఒక వరస ఓక్, ఒక వరస టేకు, ఆపైన మిగతావి. కింద బోలుగా ఖాళీ. ఒక చివర తను అటు తిరిగి నిలబడి, అత్తను రెండో చివర ఎక్కమంది. ఎక్కడ కావాలంటే అక్కడ నడవమంది.

రేడియో నడిచింది. కోడలు వెనక్కి చూడకుండా చెయ్యెత్తి చూపిస్తోంది, ఇప్పుడు యాష్, ఇప్పుడు ఓక్, మళ్ళీ యాష్. దుకాణమతను నోరు తెరిచాడు. రేడియోకి ఉత్సాహం వచ్చింది. మోసం చేద్దామని చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, దొంగలా మునివేళ్ళ మీద టేకు మీదకు జరిగింది. కోడలి చెయ్యి లేచింది, టేకు. ఆవిడ అక్కడే ఒంటికాలి మీద నిలబడిపోయింది. కోడలు నవ్వుతూ ఇటు తిరిగి, నవ్వు ఆపి, అడిగింది.

"అత్తయ్యా, ఎడమ మోకాలు ఎప్పటినుంచి నొప్పి?"

రేడియో కొయ్యబారిపోయింది. తన తుమ్ము కూడా వీధికి వినిపించే మనిషి, ఆ ఒక్క నొప్పి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే కొడుకు కంగారుపడి మెట్లెక్కొద్దంటాడని, మనవరాలి దగ్గరకు రానివ్వడని భయం.

"నీకెవరు చెప్పారే?"

"మీరే చెప్పారు. పాతింట్లో రోజూ చెబుతూనే ఉన్నారు. కుడికాలు మడమతో మొదలవుతుంది, ఎడమకాలు వేళ్ళతో మొదలవుతుంది. చలికాలం నుంచీ అంతే. మీరే చెబుతారని ఊరుకున్నాను."

రేడియో దగ్గరకెళ్ళి కోడలి రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకుంటే ఆ పిల్ల మాట్లాడలేదని గుర్తొచ్చి మళ్ళీ వదిలేసింది. ఇన్నేళ్ళూ తను నోటితో చెప్పిన మాటలన్నీ విన్నది కాక, కాళ్ళతో చెప్పినవి కూడా విన్నదన్నమాట. తన కడుపున పుట్టినవాడికి కూడా ఇంత ధ్యాస లేదు. ఆవిడ గర్వంగా దుకాణమతని వైపు చూసింది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. ఏ చెక్క కావాలని కొడుకు అడిగితే, కోడలు మూడు చూపించింది.

"మూడూనా?"

"ఒకటే చెక్క వేస్తే ఎవరో నడుస్తున్నారని తెలుస్తుంది. మూడు వేస్తే ఎక్కడ నడుస్తున్నారో తెలుస్తుంది" అంది కోడలు. యాష్ తేలిక, వేలు తగిలినా పలుకుతుంది, అది ముందుగదికీ పాప గదికీ. ఓక్ బరువు గొంతు, ఎంత తొక్కినా అరగదు, అది నడవకీ బల్ల గదికీ. టేకు రెంటికీ మధ్య, నీళ్ళు పడ్డా ఉబ్బదు, అది వంటగదికి. ఆ పిల్ల చెబుతుంటే రేడియో కొడుక్కి అర్థం చెప్పక్కర్లేకపోయినా పక్కనే నిలబడి గట్టిగా అర్థం చెప్పింది.

"ఇల్లంతా బొంతలా ఉండదూ?" అన్నాడు కొడుకు.

"ఒక ఇంటికి ఒక చెక్కే అందం సార్. అలా ఎవరూ వేయించుకోరు" అని దుకాణమతను కూడా అందుకున్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా" అంది రేడియో. "గదికో రంగు గోడలు వేసుకుంటే అందం, గదికో చెట్టు నేల వేసుకుంటే బొంతా? నీ అందం చూసుకుంటూ అది బల్ల దగ్గర గుడ్లప్పగించి కూర్చోవాలా? ఒరేయ్, నువ్వు మాట్లాడకు. మూడూ కట్టించు."

కొడుకు తల్లి ముఖం చూశాడు. ఈ మూడు చెక్కలు గనక పనిచేస్తే రేపు కాపలా ఉద్యోగం పోయేది ఆవిడకే. ఆ సంగతి ఆవిడకు తోచిందో లేదో అతనికి అర్థం కాలేదు. ఆవిడకు తోచింది. తోచినా వెనక్కి తగ్గలేదు.

నేల పరిచే మేస్త్రీ మంచి పేరున్నవాడు. అతను పరిచిన నేలమీద పురుగు పాకినా, బండ దొర్లినా చప్పుడు ఒకటేనని చెప్పుకుంటారు. సంగతి విని అతను చేతులు జోడించాడు.

"బద్దల మీద బోలుగా పరిస్తే డప్పులా మోగుతుందమ్మా. రేపు ఎవరైనా వచ్చి ఇదెవడు చేశాడంటే నా పేరే చెబుతారు."

"కీచుమనే నేల అడగడం లేదు" అంది కోడలు, రేడియో నోటితో. "మేకు వదులైతే కీచుమంటుంది, అది తప్పు పని. పలక బిగువుగా ఉండి, కింద ఖాళీ ఉంటే పలుకుతుంది. అది మంచి పని. కీచు వేరు, పలుకు వేరు. మీకు తెలియనిదా?"

ఆ చివరి మాట కోడలిదో రేడియో కలిపిందో తెలియదు గానీ మేస్త్రీ మెత్తబడ్డాడు. బద్దలు గుమ్మాల దగ్గర తెగకుండా పాప గదినుంచి బల్ల గదిదాకా ఒకే పొడవున సాగాలని కోడలు అడిగితే, అది సబబేనని ఒప్పుకుని, తనే ఇంకో మాట కలిపాడు. గుమ్మాల కింద జిగురు వేయకుండా మేకులే కొడతానన్నాడు. పని మొదలయ్యాక అతనిలో పట్టుదల పెరిగింది. పలకకు పలక ఒదిగేలా, చీమకు కూడా సందు దొరక్కుండా బిగించాడు. చివరికి ముచ్చటపడి ఒకసారి తనే జోళ్ళు విప్పి, కళ్ళు మూసుకుని, గది గదికీ నడిచి చూసుకున్నాడు. "నా నేల మీద నేనే నడుస్తున్నట్టు మొదటిసారి తెలిసిందమ్మా" అన్నాడు.

అంతా అయ్యాక కోడలు బల్ల గదిలో నిలబడి, అత్తని అన్ని గదుల్లోనూ తిరగమంది. పాప గది పలికింది. ముందుగది పలికింది. నడవ పలికింది. వంటగది దగ్గరకు వచ్చేసరికి ముఖం చిట్లించింది.

"ఇక్కడ ఎవరో నోరు మూశారు."

"అన్నీ ఒకేలా చేశానమ్మా" అన్నాడు మేస్త్రీ.

"లేదు. దీని కింద ఏదో ఉంది."

మేస్త్రీ నొచ్చుకున్నాడు. ఒక పలక లేపి చూపిస్తానని పట్టుకారు తీశాడు. లేపి, లోపలికి చూసి, అలాగే కూర్చుండిపోయాడు. బద్దల కింద బారుగా నల్లటి ఫోమ్ పట్టీలు. పరిచింది అతనే. వంటగది మొదలుపెట్టిన రోజు ఎవరితోనో మాట్లాడుతూ పని చేశాడట. మనసు మాటల్లో ఉంటే చెయ్యి దాని అలవాటు అది చేసుకుపోయింది. బతుకంతా చప్పుడు నొక్కిన చెయ్యి మరి.

"ఇన్నేళ్ళలో నా పని పైనుంచి చూసి లోపలి తప్పు పట్టినవాళ్ళు లేరు" అని అతను నవ్వేశాడు. నవ్వులో నొప్పి లేదు. వంటగది మొత్తం విప్పి మళ్ళీ పరిచాడు. తీసేసిన ఫోమ్ పట్టీలను కోడలు పారేయనివ్వలేదు. ముక్కలు కోసి పళ్ళ బల్ల నాలుగు కాళ్ళ కిందా పెట్టించింది. మోటారు తిరుగుతుంటే ఆ అదురు నేలలోకి దిగి పాప అడుగుల మాటకు అడ్డం రాకూడదని. రేడియో ఆ సంగతి వీధి వీధంతా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ, "అది నా కోడలు" అన్న మాట దగ్గర ఆగి ఒకసారి ఊపిరి పీల్చుకునేది.

ఇల్లు మారాక తాడో పేడో తేల్చుకునే రోజు వచ్చింది. కొడుకు సెలవు పెట్టాడు. పాప మధ్యాహ్నం నిద్రలో ఉంది. కోడలు బల్ల ముందు గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని మోటారు వేసింది. తల్లీకొడుకులు మాత్రం నడవలో గోడవారగా రెండు కుర్చీల్లో, కాళ్ళు కుర్చీల మీదకు మడుచుకుని కూర్చున్నారు. వాళ్ళ అడుగు నేలమీద పడితే లెక్క తప్పుతుంది. "మాట్లాడుకోండి, పర్వాలేదు. కాలు దించారా, ఊరుకోను" అని కోడలు ముందే హెచ్చరించింది. విచిత్రమేమిటంటే ఆ రోజు రేడియోకి మాట్లాడాలనిపించలేదు.

పాప లేచింది. మంచం దిగి గుమ్మంలో కళ్ళు నులుముకుంటూ నిలబడింది. తండ్రినీ నాయనమ్మనూ చూసి, కుర్చీల మీద కోతుల్లా ఎందుకు కూర్చున్నారో అర్థం కాక, ఒక నవ్వు నవ్వి ముందుగదిలోకి పోయింది. కొడుకు గుమ్మంలోంచి పెళ్ళాం వీపు చూశాడు. మోటారు తిరుగుతూనే ఉంది. పాప ముందుగదిలో రెండు చుట్లు పరుగెత్తింది. మోటారు తిరుగుతూనే ఉంది. పాప నడవలోకి వచ్చి, వాళ్ళ ముందునుంచే దాటి వంటగదిలోకి వెళ్ళింది.

"అమ్మా, దానికి తెలియలేదే" అన్నాడు కొడుకు. కాలు దించబోతుంటే రేడియో అతని చొక్కా పట్టుకుంది. పట్టుకుంది గానీ ఆవిడ చూపు కూడా వంటగది గుమ్మం మీదే ఉంది. వంటగదిలో అడుగులు టపటపా వినపడుతున్నాయి. అంతలో అవి ఆగిపోయాయి.

మోటారు ఆగింది. కోడలు చేతిలో పళ్ళ వరస బల్లమీద పెట్టి లేచి, నాలుగు అంగల్లో వాళ్ళను దాటుకుని వంటగదిలోకి వెళ్ళింది. వీళ్ళు కూడా వెనకే పరుగెత్తారు. పాప కింది సొరుగు లాగి, దానిమీదకు ఒక కాలు ఎత్తి, పైనున్న గాజు సీసా వైపు చెయ్యి చాపుతోంది. ఆ చెయ్యి సీసాకు అందకముందే తల్లి చంకలో ఉంది.

కోడలు పిల్లను ఒక చంకన వేసుకుని, ఒంటి చేత్తోనే మొగుడికి చెప్పింది. "లేచింది తెలుసు. ముందుగదిలో రెండుసార్లు తిరిగింది తెలుసు. నడుస్తున్నంతసేపూ భయం లేదు. పిల్లలు ఆగినప్పుడే ఏదో పని మొదలుపెట్టినట్టు. అందుకే అప్పుడు లేచాను."

కొడుకు వెళ్ళి బల్లమీది మైనం ముద్దలు, రాళ్ళు ఒక్కొక్కటే సర్దిపెట్టాడు. అతని క్షమాపణలు ఎప్పుడూ అలాగే ఉంటాయి. తర్వాత వచ్చి, "బల్ల ఇక్కడే ఉంటుంది. ఇంక ఆ మాట ఎత్తను" అని నోటితోనూ చేతులతోనూ కూడా చెప్పాడు.

రేడియో వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆవిడకు కోడలిని చూస్తే కన్నులపండుగగా ఉంది. ఆ సంతోషం వెనకే, ఎవరో తలుపు మెల్లగా మూసినట్టు, ఇంకో సంగతి కూడా వచ్చి నిలబడింది. రేపు పొద్దున తను ఈ ఇంటికి రావలసిన పని లేదు. మూడు చెట్లు కలిసి ఆ పని చేసేస్తున్నాయి. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుని, తనలో తనే, పెదవులు కదిలీ కదలకుండా, "మరింక నేనెందుకు" అనుకుంది.

పక్కకు తిప్పుకున్నా కోడలు ఆ పెదవులను వదల్లేదు. పిల్లను తెచ్చి అత్త చేతుల్లో పెట్టి, ఖాళీ అయిన రెండు చేతులతోనూ చెప్పింది.

"దీనికి చేతి మాట నేను నేర్పుతున్నాను. నోటి మాట ఎవరు నేర్పుతారు? నా గొంతులోంచి వచ్చే నాలుగు మాటలూ దీనికి సరిపోవు. ఇంట్లో మాట వినపడకపోతే పిల్లకు మాటెలా వస్తుందని నాకు రోజూ భయంగా ఉంది. మీరు కాపలాకి రావద్దు, అత్తయ్యా. మాట్లాడటానికి రండి. పొద్దున్నే రండి."

రేడియోకి కళ్ళు నిండిపోయాయి. ఆవిడ బతుకంతా వినని మాట అది. కాస్త ఆపమన్నవాళ్ళే గానీ, రోజూ వచ్చి మాట్లాడమన్నవాళ్ళు లేరు. కొంగుతో ముఖం తుడుచుకుని, మనవరాలిని ఒళ్ళో వేసుకుని అక్కడే వంటగదిలో కింద కూర్చుంది. పిల్ల నాయనమ్మ నోట్లోకి ఆసక్తిగా చూస్తోంది. రేడియో అరచేత్తో టేకు పలకను నిమిరి మొదలుపెట్టింది.

"ఇది నేల. అను, నేల. మీ అమ్మ వేయించింది."

కోడలు కాసేపు ఆ పెదవులను చూసి, వెళ్ళి మోటారు వేసుకుంది.